గేరు సైకిలు గోల పెడుతోందా?

ఇంట్లో ఏ వస్తువు ఎలా చప్పుడు చేస్తుందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! పెరట్లో బట్టలు ఆరేస్తూనే కుక్కరు ఎన్ని కూతలు వేసిందో లెక్క చెప్పేస్తాం. మిక్సీ గొంతు మారితే జారు కింద బుష్ అరిగిందంటాం. ఫ్యాను కిర్రుమంటే నూనె అడుగుతోందంటాం. కుట్టుమిషను టకటకలో తేడా వస్తే పక్కగదిలో ఉన్నా చెవికి తగులుతుంది. కానీ అదే ఇంట్లో సైకిలు గోల పెడితే మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారం" అని చెవులు మూసుకుంటాం. ఎందుకు మూసుకోవాలి? మిక్సీ విప్పగలిగిన చేతికి సైకిలేమంత బ్రహ్మవిద్య కాదు.

కుట్టుమిషను షటిల్ శుభ్రం చేసుకోవడం గురించి రాసినప్పుడు వచ్చిన ఉత్తరాల్లో ఖమ్మం నుంచి ఒక చెల్లెమ్మ ఇలా అడిగింది: "అక్కయ్యా, మావారు మడతపెట్టే సైకిలు ఒకటి కొన్నారు. వెనక చక్రం మధ్యలో మూడు గేర్లున్నాయట. ఈమధ్య గరగరమంటోంది. షాపులో చూపిస్తే మాకు తెలీదంటున్నారు. ఏం చెయ్యమంటారు?" ఇదే సంగతి మా ఇంట్లోనూ జరిగింది కాబట్టి ఈ వారం దీని గురించే చెప్పుకుందాం.

మడత సైకిళ్ళు మన ఊళ్ళలోనూ అక్కడక్కడా కనిపిస్తున్నాయి. అపార్టుమెంటులో ఉండేవాళ్ళకి ఇది మంచి వసతి. కింద పెడితే ఎవరెత్తుకుపోతారో అన్న భయం లేకుండా, మడిచి మంచం పక్కన పెట్టేసుకోవచ్చు. వీటిలో చాలావాటికి గేర్లు బయటికి కనిపించవు. వెనక చక్రం మధ్యన లావుగా ఉండే హబ్బులోనే దాచి ఉంటాయి. బయట పళ్ళ చక్రాలు వేలాడకపోవడం వల్ల మడిచినప్పుడు దేనికీ తట్టుకోదు, చీరకీ చున్నీకీ గ్రీజు తక్కువ అంటుకుంటుంది. ఇబ్బందల్లా ఒకటే. కనిపించనిదాన్ని ఎవరూ పట్టించుకోరు. నోరు చేసుకుని అరిచినప్పుడే గుర్తుకొస్తుంది.

ఈ గేరు ఎక్కడిది?

ఈ రకం మూడు గేర్ల హబ్బు పాతకాలపు సరుకే. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ అనే ఊళ్ళో, ర్యాలీ సైకిళ్ళ యజమాని ఫ్రాంక్ బౌడెన్ అండతో 1902లో స్టర్మీ ఆర్చర్ కంపెనీ మొదలైంది. హెన్రీ స్టర్మీ, జేమ్స్ ఆర్చర్ అనే ఇద్దరి పేర్లు కలిపి అలా పెట్టారు. 1936లో వాళ్ళు తెచ్చిన 'ఏడబ్ల్యూ' అనే నమూనా ఎంత గట్టిదంటే, ఆ కాలం నాటి హబ్బులు ఇప్పటికీ తిరుగుతున్నాయి. 2000లో నాటింగ్‌హామ్ ఫ్యాక్టరీ మూతపడే పరిస్థితి వస్తే తైవాన్‌కి చెందిన సన్‌రేస్ కంపెనీ కొనుక్కుని, తయారీని తమ దేశానికి తరలించింది. జపాన్ వాళ్ళ షిమానో కూడా మూడు గేర్ల హబ్బులు చేస్తుంది. పేర్లు వేరైనా లోపలి సూత్రం ఒకటే. కింద నేను చెప్పే కొలతలు పాత ఏడబ్ల్యూ నమూనావి. మీ ఇంట్లో ఉన్నది వేరే రకమైతే దాంతో వచ్చిన కాగితం ఒకసారి చూసుకోండి.

లోపల ఏముంటుంది?

భయపడకండి, లెక్కల పాఠం కాదు. హబ్బు మధ్యలో ఇరుసు మీద 20 పళ్ళ చిన్న చక్రం ఒకటి కదలకుండా ఉంటుంది. దాన్ని సూర్యుడనుకోండి. దాని చుట్టూ నాలుగు చిన్న చక్రాలు గ్రహాల్లాగా తిరుగుతుంటాయి. వీటన్నిటినీ చుట్టి గాజులాంటి వలయం ఒకటి ఉంటుంది, దానికి లోపలివైపు 60 పళ్ళు. గ్రహాలను మోసే బోను ఒక చుట్టు తిరిగితే, బయటి వలయం ఒకటీ మూడో వంతు చుట్టు తిరుగుతుంది. అరవైకి ఇరవై కలిపి, అరవైతో భాగిస్తే వచ్చేది అదే. అది మూడో గేరు, పల్లంలో పరిగెత్తడానికి. అదే తిరగేసి, వలయాన్ని తొక్కి బోనుతో చక్రాన్ని తిప్పిస్తే ముప్పావు చుట్టే వస్తుంది. అది ఒకటో గేరు, ఎత్తెక్కడానికి. రెండో గేరులో ఎక్కువా తక్కువా లేదు, మనం తొక్కినంతే.

వీటిలో ఏది ఎప్పుడు పట్టుకోవాలో చూసేవి, చిన్న నాలుకల్లాంటి ఇనప ముక్కలు. మెకానిక్కులు వాటిని పాల్స్ అంటారు, మనం నాలుకలనే అనుకుందాం. ఒక్కోదాని వెనకా వెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు నాలుకను పైకి లేపితే పళ్ళలో పట్టుకుంటుంది. అక్కర్లేనప్పుడు పళ్ళ మీదుగా జారిపోతుంది. అలా జారేటప్పుడు వచ్చేదే "టిక్ టిక్ టిక్".

ఏ చప్పుడు మంచిది? ఏది చెడ్డది?

చాలామంది కంగారుపడేది ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్న హబ్బు కూడా చప్పుడు చేస్తుంది. రెండో గేరులో, మూడో గేరులో తొక్కుతున్నప్పుడు గడియారంలాగా టిక్ టిక్‌మనడం దాని సహజగుణం. ఒకటో గేరులో తొక్కుతుంటే మాత్రం నిశ్శబ్దంగా ఉండాలి. తొక్కడం ఆపి దొర్లనిస్తే ఏ గేరులోనైనా టిక్కుమంటుంది. దీన్ని చూసి డబ్బు తగలేసుకోవద్దు.

ఒకటో గేరులో పెట్టి తొక్కుతున్నా టిక్ టిక్ వినిపిస్తోందంటే, మీరు మీట ఒకటి మీద పెట్టారు గానీ లోపల అది రెండులోనే ఉండిపోయిందన్నమాట. గేరు తీగ వదులయింది. ఇది రోగం కాదు, రెండు నిమిషాల పని.

ఇసకలో కాలు ఈడ్చినట్టు గరగరమంటే లోపల నూనె ఆరిపోయిందనో, నీరూ మట్టీ చేరాయనో అర్థం. చక్రం ఒక్కో చుట్టుకి ఒక్కసారి "కటుక్" మంటే గోళీ ఒకటి పగిలి ఉండొచ్చు, లేదా గోళీలు దొర్లే కోను గుంటలు పడి ఉండొచ్చు. బలంగా తొక్కినప్పుడు "టపుక్" మని పెడలు ఖాళీగా జారిపోతే అది అన్నిటికన్నా ప్రమాదం. దాని సంగతి వేరుగా చెబుతాను.

ముందు దొంగ ఎవరో తేల్చండి

చప్పుడు వెనకనుంచి వస్తోంది కదా అని హబ్బునే అనుమానించకండి. పెడలు కిర్రుమన్నా, చైను ఎండిపోయినా, మడత దగ్గరుండే బిగింపు వదులైనా, మడ్‌గార్డు నట్టు ఊడినా మనకి అన్నీ వెనకనుంచే వినిపిస్తాయి. మడత సైకిళ్ళలో ముఖ్యంగా ఆ మడత కీలే ఎక్కువ మోసం చేస్తుంది.

తేల్చుకునే పద్ధతి సులువు. వెనక చక్రం పైకి ఉండేలా ఒకరు సీటు పట్టుకోవాలి. మీరు పెడలు చేత్తో తిప్పండి. చప్పుడు వస్తుందా? ఇప్పుడు పెడలు ఆపి చక్రాన్ని దొర్లనివ్వండి. తిప్పినప్పుడే వచ్చి దొర్లేటప్పుడు ఆగిపోతే చైను, పెడళ్ళు, గేరు, వీటిలో ఏదో ఒకటి. రెండుసార్లూ వస్తే చక్రం గోళీలు చూడాలి. ఎవరైనా కూర్చుని తొక్కినప్పుడే వస్తే మడత కీలు, సీటు గొట్టం చూసుకోండి.

ఇంకో చిట్కా ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇరుసు చివర నట్టు మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు ఆనించండి. డాక్టరుగారి స్టెతస్కోపులాగా లోపలి చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. గరగర అక్కడుందో లేదో తెలిసిపోతుంది. ఇది చేసేముందు జడ ముడేసుకోండి, చున్నీ తీసి పక్కన పెట్టండి. చక్రం నెమ్మదిగానే తిప్పమనండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తిరిగే చైనుకీ పళ్ళచక్రానికీ మధ్య వేలు పెడితే క్షణంలో నలిగిపోతుంది.

మా ఇంటి సంగతి

మా మరిది ఇంగ్లండులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి తిరిగొచ్చేస్తూ తన మడత సైకిలు పెట్టెలో పెట్టుకుని వచ్చేశాడు. మా అమ్మాయి ఉద్యోగంలో చేరగానే "నువ్వు వాడుకోవే" అని దానికిచ్చేశాడు. మేముండేది విశాఖపట్నం. సముద్రం ఒడ్డునుంచి ఊళ్ళోకి ఎటు తిరిగినా ఎత్తే. ఒకటో గేరు లేకపోతే నా కూతురు ఆ ఎత్తు తొక్కలేదు. రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది గరగర. వీధిలో వెళుతుంటే పిల్లలు తిరిగి చూసేవారు.

షాపుకి తీసుకెళితే ఆ అబ్బాయి చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ సామాను ఇక్కడ దొరకదమ్మా. గేరు పీకేసి మామూలు ఫ్రీవీలు వేసేస్తాను, చప్పుడుండదు" అన్నాడు. అతని తప్పు కూడా కాదు, అతను అలాంటిది ఎప్పుడూ విప్పి ఉండడు. ఇంటికొచ్చి అమ్మాయి, "పోన్లేమ్మా, అమ్మేద్దాం. ఆటోలో వెళ్తాను" అంది. నాకు మనసొప్పలేదు. ఆటో ఖర్చు ఒక్కటే కాదండీ. సాయంత్రం పని ఎప్పుడైతే అప్పుడు ఎవరికోసం చూడకుండా బయల్దేరి వచ్చేస్తోంది. దార్లో నాకు మందులు తెస్తోంది, లైబ్రరీలో ఆగుతోంది. ఆ స్వేచ్ఛ ఒక గుప్పెడు నూనె లేక పోతుందంటే ఎలా ఊరుకుంటాం?

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు ఆడవాళ్ళకి సైకిలు కూడా నేర్పించారు. వేలమంది పల్లెటూరి స్త్రీలు సైకిలెక్కి మంచినీళ్ళకీ, పొలానికీ, బజారుకీ తామే వెళ్ళడం మొదలుపెట్టారు. అప్పట్లో పేపర్లలో ఫోటోలు చూసి ఆశ్చర్యపోయాం. సైకిలంటే రెండు చక్రాలే కాదు, ఒకరి మీద ఆధారపడకుండా గడప దాటడం. అందుకే ఆ చప్పుడేమిటో చూద్దామని నేనూ, మా అమ్మాయీ, మా మరిదీ ఒక ఆదివారం పూట కూర్చున్నాం.

మొదటి పని: తీగ బిగువు

హబ్బు జోలికి వెళ్ళేముందు తీగ సరిచెయ్యండి. సగం రోగాలు ఇక్కడే పోతాయి. హ్యాండిల్ దగ్గర మీట రెండో గేరులో పెట్టి పెడలు ఒకసారి తిప్పండి. కుడివైపు ఇరుసు నట్టులోంచి సన్నటి గొలుసు ఒకటి బయటికొచ్చి తీగకి తగులుకుని ఉంటుంది. ఆ నట్టుకి పక్కన చిన్న కిటికీలాంటి రంధ్రం ఉంటుంది. అందులోంచి చూస్తే గొలుసు చివరనుండే సన్న పుల్ల కనిపిస్తుంది. పుల్ల భుజం, అంటే గొలుసు మొదలయ్యే చోటు, ఇరుసు చివరతో సరిసమానంగా ఉండాలి. లోపలికి ఉండిపోతే తీగ వదులు, బయటికి పొడుచుకొస్తే బిగువు ఎక్కువ. గొలుసు చివరనున్న గుండ్రటి సర్దుబాటు నట్టు తిప్పి సరిచేసి, పక్కనున్న చిన్న నట్టుతో బిగించేయండి. మూడో గేరులో తీగ వదులుగా వేలాడుతుంటే అది లోపం కాదు, అలాగే ఉండాలి.

షిమానో రకానికి గొలుసు బదులు ఇరుసు చివర చిన్న డబ్బా ఉంటుంది. దాని కిటికీలో, రెండో గేరులో పెట్టినప్పుడు, గుర్తు రెండు గీతల మధ్యకు రావాలి.

ఇందాక 'టపుక్' మని జారుతుందన్నాను గదా, దానికి కారణం ఎక్కువగా ఈ తీగే. పాత నమూనాలో రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఏ గేరూ పట్టని ఖాళీ చోటు ఒకటుంది. తీగ కాస్త వదులైతే రెండో గేరు ఆ ఖాళీలోకి జారిపోతుంది. ఆ సమయంలో లేచి నిలబడి బలంగా తొక్కుతుంటే పెడలు ఒక్కసారిగా కిందకి పోయి, మనిషి ముందుకి పడిపోతుంది. పక్కన లారీ వస్తోందనుకోండి, తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఈమధ్య వచ్చిన నమూనాల్లో ఆ ఖాళీ తీసేశారు. పాతదైతే నెలకోసారి ఆ కిటికీలోకి తొంగిచూడటం అలవాటు చేసుకోండి. గేరు జారుతున్న సైకిలు సరయ్యేదాకా పిల్లలకి ఇవ్వనే ఇవ్వకండి.

రెండో పని: నూనె

పాత హబ్బులకి మధ్యలో మూతున్న చిన్న రంధ్రం ఉంటుంది. మూత తీసి ఒక చెంచాడు నూనె పొయ్యడమే. కొత్తవాటికి ఆ రంధ్రం తీసేసి లోపల గ్రీజు పెట్టి ఇస్తున్నారు. అలాంటిదానికి మీట మూడులో పెట్టి, తీగ విడదీసి, ఆ సన్న గొలుసును చేత్తో తిప్పి ఊడదీయండి. సైకిలును ఎడమవైపుకి పడుకోబెట్టి, ఇరుసు రంధ్రంలోకి ఇంజెక్షను సిరంజితో నెమ్మదిగా నూనె చుక్కలు వెయ్యండి. మధ్యమధ్య చక్రం తిప్పుతూ పావుగంట ఆగితే నూనె లోపలికి దిగుతుంది. గొలుసు మళ్ళీ పెట్టేటప్పుడు చేత్తోనే ఆఖరిదాకా బిగించి, తీగవైపు తిరిగేలా అవసరమైతే అర చుట్టు మాత్రమే వెనక్కి తిప్పండి. పానాతో బిగిస్తే సన్న పుల్ల విరుగుతుంది.

ఏ నూనె అని అడుగుతారు. మోటారు సైకిలుకి పోసే ఇంజను నూనె చాలు. వంటనూనె పొయ్యకండి, అది కొన్నాళ్ళకి జిగటగా బంకై నాలుకల్ని అతికించేస్తుంది. కొబ్బరినూనె చలికాలంలో పేరుకుంటుంది కాబట్టి అదీ పనికిరాదు. కుట్టుమిషను నూనె మరీ పలచన, తీగకీ మీటకీ రెండు చుక్కలు వేసుకోండి, హబ్బుకి నిలవదు. నూనె ఎక్కువైతే చువ్వల మీదుగా కారి బ్రేకు పట్టే చోటుకి చేరుతుంది. అప్పుడు బ్రేకు జారుతుంది. అందుకని పోసిన వెంటనే చక్రం అంచు పాత గుడ్డతో శుభ్రంగా తుడవండి.

చిన్న చక్రాల సైకిలుకి నూనె ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. 26 అంగుళాల మామూలు సైకిలు చక్రం కిలోమీటరుకి దాదాపు 480 చుట్లు తిరుగుతుంది. 16 అంగుళాల మడత సైకిలు చక్రం అదే దూరానికి 750కి పైగా చుట్లు తిరగాలి. అంటే అదే దారిలో దాని హబ్బు ఒకటిన్నర రెట్లు చాకిరీ చేస్తోందన్నమాట. పైగా చక్రం నేలకి దగ్గర, వానాకాలం బురదంతా దానిమీదే. మాలాగా సముద్రం పక్కన ఉండేవాళ్ళకి ఉప్పుగాలి అదనం.

మూడో పని: విప్పి కడగడం

నూనె పోసి రెండు రోజులు తొక్కినా గరగర తగ్గకపోతే విప్పాలి. ఇది ఒంటరిగా కాకుండా, ఇంట్లో ఒకరిని తోడు పెట్టుకునో, వినే ఓపికున్న సైకిలు షాపు అబ్బాయిని పిలిచో చెయ్యండి. మీరు పక్కనుంటే చాలు, పని చెడదు.

నేల మీద పాత దుప్పటి, దానిమీద న్యూస్‌పేపర్లు పరవండి. అంచులున్న పాత పళ్ళెం ఒకటి పెట్టుకోండి. గోళీ ఒక్కటి మంచం కిందికి దొర్లిపోయిందంటే సాయంత్రందాకా వెతుక్కోవాలి. విప్పే ప్రతి మెట్టుకీ ఫోనులో ఒక ఫోటో తీసుకోండి. వాచర్లు ఏది ముందు ఏది వెనక అన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

తీగ, గొలుసు తీసి, చైను వదులు లాగిపెట్టే చిన్న చట్రం ఉంటే అదీ విప్పి, చక్రం బయటికి తియ్యండి. ఎడమవైపు నట్టు, వాచర్లు, కోను తీసేయండి. ఇప్పుడు కుడివైపు, చైను పళ్ళచక్రం వెనక, గాడులున్న పెద్ద రింగు కనిపిస్తుంది. అది హబ్బు గుల్లలోకి మరతో బిగిసి ఉంటుంది. తీసేముందు రింగు మీదా గుల్ల మీదా ఎదురెదురుగా గోళ్ళరంగుతో చిన్న గీత పెట్టండి. ఆ మరకి రెండు మొదళ్ళుంటాయి కాబట్టి, తిరిగి అదే మొదట్లో ఎక్కించాలి. గాడిలో మొద్దు ఉలి ఆనించి, సుత్తితో ఎడమవైపుకి, అంటే గడియారం ముల్లుకి ఎదురు దిశలో, తట్టండి. తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుస్తుంది కాబట్టి మొదట మొండికేస్తుంది. ముందురోజు రాత్రే అంచుల్లో నూనె వేసి ఉంచితే కొంత సులువు. రింగు వదిలాక లోపలి గేరంతా ఒకే ముద్దగా బయటికొచ్చేస్తుంది.

మా దాంట్లోంచి ఏం వచ్చిందనుకున్నారు? పాత గ్రీజు ఎండి, మాడిన గిన్నె అడుగులాగా నల్లగా గట్టిపడిపోయి ఉంది. నాలుకల్లో ఒకటి పైకి లేవడమే మానేసింది. ఒక పక్క గోళీలు ఎర్రగా తుప్పుపట్టాయి. పళ్ళు మాత్రం ఒక్కటీ అరగలేదు! గేరు పీకేయమన్న చోట నిజానికి కావలసింది శుభ్రంగా కడగడం.

కిరసనాయిలు గానీ డీజిలు గానీ పాత గిన్నెలో పోసి, వాడేసిన టూత్‌బ్రష్షుతో మెత్తగా తోమండి. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. ఈ పని వరండాలో చెయ్యాలి, పొయ్యి దగ్గరా దీపం దగ్గరా వద్దు. మురికి నూనె మొక్కల్లో, కాలవలో పారబొయ్యకుండా సీసాలో పట్టి మెకానిక్కు షెడ్డులో ఇచ్చేయండి.

కడిగి తుడిచాక వెలుతురులో చూడండి. ప్రతి నాలుకా వేలితో నొక్కితే దిగి, వదిలితే టక్కున లేవాలి. చిన్న చక్రాల పళ్ళు విరగకుండా ఉండాలి. కోను మీద గోళీలు దొర్లే దారి అద్దంలా నున్నగా ఉండాలి, గుంటలుంటే మార్చాలి. గోళీలు తుప్పు పడితే మొత్తం సెట్టు మార్చెయ్యండి. పాతా కొత్తా కలపకండి. ఆ సైజు గోళీలు సైకిలు షాపుల్లో దొరుకుతాయి, ఒకటి నమూనాగా పట్టుకెళ్ళండి.

తిరిగి బిగించేటప్పుడు

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి: గోళీలకి గ్రీజు, నాలుకలకి నూనె. నాలుకల మీద చిక్కటి గ్రీజు దట్టిస్తే అతుక్కుపోయి లేవవు, పెడలు ఖాళీగా తిరుగుతుంది. ప్రేమ కొద్దీ నెయ్యి ఎక్కువ వేసినట్టు ఇక్కడ పనికిరాదు.

గేరు ముద్దను గుల్లలోకి దించి, రంగు గీతలు చూసుకుని రింగు ఎక్కించండి. కుడివైపు కోనును వేళ్ళతో బిగువుగా తిప్పి, అర చుట్టు వెనక్కి తిప్పి అక్కడ బిగించాలి. తర్వాత ఎడమ కోనుతో చక్రం బిగువు చూసుకోవాలి. అంచు పట్టుకుని అటూ ఇటూ ఊపితే, ఉందా లేదా అన్నంత కొంచెం కదలిక ఉండాలి. అసలు కదలకపోతే గోళీలు నలుగుతాయి, ఎక్కువ కదిలితే మళ్ళీ గోల మొదలవుతుంది.

ఇరుసుకి రెండువైపులా చిన్న నాలుకున్న వాచర్లుంటాయి. అవి ఫ్రేము గాడిలో సరిగ్గా కూర్చోవాలి. ఇవి లేకుండా బిగిస్తే ఇరుసే తిరిగిపోయి గేరు చెడుతుంది. ఎప్పుడైనా పంక్చరు వేసేవాళ్ళు వీటిని పారేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి.

ఆఖరికి మళ్ళీ రెండో గేరులో తీగ బిగువు చూసి, ఖాళీ జాగాలో మూడు గేర్లూ వేసి నెమ్మదిగా తొక్కించండి. మొదటిరోజు సీటు మీద కూర్చునే తొక్కాలి, లేచి నిలబడకూడదు. మడత బిగింపు, బ్రేకులు కూడా చూశాకే రోడ్డెక్కాలి.

మరవకండి

నెలకోసారి: రెండో గేరులో తీగ గుర్తు, ఇరుసు నట్లు, మడత బిగింపు చూడండి. చైను తుడిచి నూనె రాయండి.

వానాకాలం ముందూ తర్వాతా: హబ్బుకి చెంచాడు ఇంజను నూనె.

కడిగేటప్పుడు: పైపుతో జోరుగా నీళ్ళు హబ్బు మీదికి కొట్టకండి. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

మూలన పడేసే ముందు: ఆరునెలలు వాడకపోతే నూనె పోసి అన్ని గేర్లలో ఓసారి తిప్పి, దుప్పటి కప్పండి.

గరగర మొదలైన వారంలోనే చూసుకుంటే నూనెతో పోతుంది. నెలల తరబడి అలాగే తొక్కితే కోనులూ గోళీలూ తినేసి, అప్పుడు నిజంగానే ఖర్చు తప్పదు. ఒంట్లో నలతలాగే, మొదట్లో చూసుకుంటే కషాయంతో పోయేది తర్వాత ఆసుపత్రిదాకా వెళుతుంది.

ఖమ్మం చెల్లెమ్మా, ముందు తీగ, తర్వాత నూనె, అప్పుడు కూడా తగ్గకపోతేనే విప్పడం. ఈ వరస తప్పకండి. ఏ మెట్టు దగ్గర చప్పుడు ఆగిందో నాకు తప్పక రాయండి. మిగతా పాఠకురాళ్ళు కూడా మీ ఇంట్లో సైకిలు ఏ గొంతుతో అరుస్తోందో రాస్తే ఇక్కడే జవాబు చెబుతాను. వచ్చేవారం కుక్కరు గాస్కెట్టు ఎక్కువకాలం మన్నాలంటే ఏం చెయ్యాలో చూద్దాం. అంతవరకూ సెలవు.